ఆదివారం టిక్కెట్టు లేదు

కోపెన్‌హేగెన్‌లో ఆదివారాలు బొమ్మల మేడ ఉచితం.
చేపలబుట్ట గుమ్మం దగ్గర దింపి
నన్ను నేను చూసుకోడానికి వెళ్తాను.

కింద ఇత్తడి రేకు మీద ‘వీడ్కోలు’ అని చెక్కారు.
ఆ తెల్ల సాటిన్ గౌను నాది కాదు,
చిత్రకారుడి వదినగారిది.
వదులైతే వెనక గుండుసూదులతో బిగించారు.
ఊపిరి పీలిస్తే గుచ్చుకునేవి,
అందుకే ఆ కళ్ళల్లో నీళ్ళు.
విరహమనుకుని జనం ముక్కులు చీదుతుంటారు.

అతను యెప్పె. రొట్టెల బట్టీలో పని.
నాది పొద్దుటి వెలుగు, అతనిది మధ్యాహ్నపుది.
ఒక్కనాడూ ఎదురుపడలేదు.
నేను తల వాల్చింది
కుర్చీకి తొడిగిన అతని ఎర్రకోటు మీద,
పాత యుద్ధం నాటిది,
మెడపట్టీ నిండా పిండి వాసన.

మూడోవారం జేబులో చెయ్యి పెడితే
చిన్న రొట్టె, ఇంకా మెత్తగా.
మర్నాడు నేనో ఎండుచేప పెట్టాను.
నలభై రోజులు అలా సాగింది మా కాపరం.

బొమ్మ మీద రంగు ఆరకముందే
ఫిబ్రవరి మంచులో అసలు యుద్ధం వచ్చింది.
ఈసారి కోటు ఎరుపు కాదు.
బట్టీకి వెళ్ళి అడుగుదామనుకున్నాను.
ఏమవుతాడని అడగను?

ఇన్నేళ్ళకీ ఆ మొహం నాకు కొత్తే.
చూసేది మొహం కాదులే,
కోటు కుడి జేబు.
అక్కడ కొంచెం ఎత్తుగా ఉంటుంది,
బట్ట ముడత అంటాడు కాపలావాడు.

ఆ రోజు వంతు
నాదో, అతనిదో.