హెల్మెట్ లోపలి రాత

కొరుక్కుపేట గేటు పడింది.
గూడ్సు బండి పోయేదాకా
అవతలి జ్వరాలు అవతలే ఆగుతాయి.

తవిటయ్య మాత్రం ఇవతలే ఉన్నాడు, నా మందుల షాపు ముందు,
మేకు దిగిన పాదానికి సిమెంటు సంచీ గుడ్డ చుట్టుకుని.
ఎరుపు చీలమండ దాటి పైకి పాకుతోంది.
చీటీలో డాక్టరమ్మ గీతలు:
సెఫలెక్సిన్, రోజుకు నాలుగు, ఏడు రోజులు.
"రెండ్రోజులకియ్యండమ్మా. నొప్పి తగ్గిపోనాక మరెందుకు?"

స్లాబు పోసి మూడోనాడే నీళ్ళాపేస్తావా, అన్నాను.
నవ్వాడు. "బీటలు తీసీదేటి!"

నీ పుండులో దిగినవాళ్ళూ మేస్త్రీలే తవిటయ్యా.
క్షణం తీరిక లేకుండా
ఒంటి చుట్టూ గోడ కట్టుకుంటారు.
ఈ మందు గునపం కాదు.
ఇటుక వేషం వేసుకొచ్చి
తాపీ పట్టిన చేతికి అతుక్కుపోతుంది, మళ్ళీ ఊడదు.
పని ఆగిన గోడ
లోపలి నీటి ఒత్తిడికి తనే పగులుతుంది.
మన కణాలకి గోడల్లేవు,
అందుకే మన జోలికి రాదు

అంటూనే నాలుక కరుచుకున్నాను.

మూడేళ్ళ కింద, ఇదే బల్ల దగ్గర,
బ్లౌజులు కుట్టే ఎళిలరసిని ఏమీ అడగలేదు.
మొదటి మాత్రకే పెదవులు ఉబ్బాయి.
ఆటో దొరికింది.
గేటు పడి ఉంది.
ఎనిమిది నిమిషాలు.
బతికింది. ఇప్పుడు నా జాకెట్లు ఊరికే కుడుతుంది,
అదే నాకు కష్టంగా ఉంటుంది.

"ఎప్పుడైనా పెన్సిలిన్ పడలేదా?"
"సిన్నప్పుడు సూదేస్తే మూతి బూరెలాగైపోనాది.
ఊపిరాడ్నేదు. గాలి సోకిందంది మాయమ్మ."

గాలి కాదయ్యా.
ఇది పెన్సిలిన్‌కి పెదనాన్న కొడుకు.
ఇంటిపేరు మారింది గానీ
నాలుగు మూలల ఆ ఉంగరం ఇద్దరి వేలికీ ఉంది.
చాలామందికి ఏమీ కాదు.
నీ ఊపిరి మీద పందెం నేను కాయను.

స్ట్రిప్పు మళ్ళీ సొరుగులోకి.
చీటీ వెనక రెండు ముక్కలు రాసి
ఆస్పత్రికే తిప్పి పంపాను.

దీపాలు పెట్టే వేళకి వేరే మందు పేరుతో వచ్చాడు.
చేతిలో మూడు రోజుల డబ్బులు.
మొత్తం కోర్సూ ఇచ్చి మిగతాది పద్దు రాసుకున్నాను.
పోతూ పోతూ ఆగి,
పసుప్పచ్చ హెల్మెట్ తిరగేసి బల్ల మీద పెట్టాడు.
"కాయితాలు నాకాడ నిలవ్వు. ఇందల రాసీండి."

సున్నం మరకల మధ్య, మార్కరుతో,
తెలుగులో, కింద అరవంలో:
పెన్సిలిన్ పడదు.

చెమటకి చెరిగిపోతుంది.
నెలకోసారి వచ్చి దిద్దించుకో, అన్నాను.