పదిహేడో నంబరు కుర్చీ

బైరాగిపట్టెడ సందులో, మూడో అంతస్తులో
నలభై రెండు కుర్చీల రీడింగ్ రూము.
నేను తాళాల మనిషిని.
పొద్దున అయిదుకు తీస్తా, రాత్రి పదకొండుకు వేస్తా,
నడమ ఊడుస్తా, నీళ్ల క్యాన్లు మారుస్తా,
ఎవురూ మాట్లాడకుండా చూస్తా.

మాటకు కాపలా పెట్టినారు గాని
ఊపిరికి ఎవురూ పెట్టలేదు.

కొండ వైపు కిటికీలు రెండుండాయి.
వాటికి ప్లైవుడ్డు కొట్టించినాడు ఓనరు వెంకటముని,
దాని మీద ఫ్లెక్సీ: నవ్వతా నిలబడిన పోయినేటి ర్యాంకర్లు.
ఏసీ చలువ బయటికి పోతే
ఆయన జేబులోంచి రూపాయి పోయినట్టే.

పెరటాసి శనివారాలు అయిపోయినాక మొదలైంది.
పదిహేడులో కూర్చునే కుప్పం పిల్లోడు, చెంగల్రాయుడు,
కర్చీపు అడ్డం పెట్టుకోని దగ్గినాడు.
మర్యాద తెలిసిన దగ్గు. రెండే సార్లు.
మూడోనాటికి పద్దెనిమిది ఖాళీ. సరే, పక్కపక్కనే గదా.
అయిదోనాటికి ముప్పై ఒకటి ఖాళీ.
ముప్పై ఒకటికీ పదిహేడుకూ నడమ
ఒక బీరువా, రెండు వరసలు,
పలకరింపు కూడా లేదు.
ఎట్ల పోయిందబ్బా?

డెటాలు వేసి బల్లలు తుడిచినా.
తలుపు గొళ్లెం తుడిచినా. మళ్లీ తుడిచినా.
వారం తిరిగేసరికి పన్నెండు కుర్చీలు
తుడిచిపెట్టినట్టు ఖాళీ.

ఒక శుక్రవారం
తలుపు మూల పటానికి ఊదుబత్తి ఎలిగించినా.
పొగ లేచింది. లేచి, యాడికీ పోలేదు.
ఏసీ గాలి దాన్ని మెల్లిగా చెయ్యి పట్టుకోని
పదిహేడు మీదుగా, బీరువా నెత్తి మీదుగా,
ముప్పై ఒకటి దగ్గిర కాసేపు నిలబెట్టి
నలభై రెండు దాకా
ప్రసాదం పంచినట్టు పంచిపెట్టింది.
చివరాఖర్న కూర్చున్న పుంగనూరు షమీనా
తలెత్తి, "మల్లెపువ్వు బత్తీనా అక్కా?" అనింది.

అప్పుడు తెలిసొచ్చింది నాకు.
ఎంగిలి తినం, ఎంగిలి తాగం,
పొద్దస్తమానం ఈ గదిలో
ఒకరి ఎంగిలి గాలి ఇంకొకరం పీలస్తా వుండాం.

షమీనా యాడనుంచో అరచేతంత డబ్బీ తెచ్చింది.
మనం వదిలిన ఊపిరి ఎంత పోగైందో
అంకె వేసి చూపిస్తాదంట.
పొద్దున తాళం తీసినప్పుడు నాలుగొందల ఎనభై.
మధ్యాహ్నం రెండుకి రెండువేల ఆరొందలు.
"తూగొచ్చేది నా సోమరితనం అనుకున్నానే" అన్నాడొక పిల్లోడు,
పుస్తకం మీంచి చెంప ఎత్తి.

వెంకటమునికి చూపిస్తే
"రోగం అందరికీ వస్తాది,
బిల్లు నా ఒక్కడికే వస్తాది" అన్నాడు.
తప్పు మాటేం కాదు.
నా జీతం కూడా ఆ బిల్లు పక్కనే గదా వుండేది.

ఆదివారం ఆయన పెండ్లికని పలమనేరు పోయినాడు.
స్క్రూడ్రైవరు తెచ్చి ర్యాంకర్లను దించినా.
ప్లైవుడ్డు వెనక తుప్పు, పావురం ఈకలు,
ఎప్పటిదో ఒక హాల్‌టికెట్టు,
వాటి వెనక, ఇంత పెద్ద కొండ.

ఒక కిటికీలో టేబుల్ ఫ్యాను పెట్టి
మొగం వీధికి తిప్పినా.
పిల్లోళ్లు నవ్వినారు,
"ఊరికంతా ఇసురుతావా అక్కా!"
ఉన్న గాలిని సాగనంపితేనే రా
కొత్తది గడప తొక్కేది.
రెండో కిటికీలోంచి వచ్చింది అది,
బజ్జీల వాసన, బస్సు హారను,
వానకు తడిసిన రాళ్ల చలి అన్నీ ఎత్తుకోని.
డబ్బీలో అంకె దిగతా వుంది:
రెండువేలు, పదకొండొందలు,
ఏడొందల ముప్పై దగ్గిర కుదురుకునింది.

సోమవారం వెంకటముని వచ్చి చూసినాడు.
"ఒకటి మూసెయ్" అన్నాడు.
"పోను ఒకటి, రాను ఒకటి కావాలన్నా" అన్నా.
అవునన్లేదు, కాదన్లేదు.
ప్లైవుడ్డు ఇంకా గోడకు ఆనించే వుండాది,
ర్యాంకర్లు గోడకేసి నవ్వతా వుండారు.

చెంగల్రాయుడు తిరిగొచ్చినాడు, బుగ్గలు పీక్కపోయి.
పదిహేడును కిటికీ కాడికి జరిపినా.

రోజూ ఊదుబత్తి ఎలిగిస్తా.
పొగ లేచి, క్షణం సేపు దారి వెతుక్కోని,
కొర్లగుంట వైపు మళ్లుకుంటాది.
ఎవురినైనా సాగనంపేటప్పుడు
పోయిరా అనాల, మా అమ్మ నేర్పింది.
దానికి మాత్రం
పో, అంటా.