లెక్కలో మిగిలిన చేపలు

నాన్న సముద్రంలో మునిగిన ఏడు
అమ్మ చర్చితో ఒక బేరం కుదుర్చుకుంది:
ఏడాదికి పన్నెండు ఎండు కాడ్ చేపలు,
బదులుగా ఆయన ఆత్మకు ఒక పూజ.
ఇరవై ఏళ్ళు.
ఉత్తరించే స్థలంలో మనిషి అన్నేళ్ళు కాలాలని
ఎవరు లెక్క కట్టారో నాకు తెలీదు.
పూజ చెప్పించిన ప్రతిసారీ
అమ్మ దూలం మీద కత్తితో ఒక గీత గీసేది.

పదకొండు గీతలయ్యాక
బేర్గెన్ నుంచి పడవలో ఒక కాగితం వచ్చింది.
రాజుగారు మతం మార్చుకున్నారట,
కాబట్టి మేమూ మార్చుకున్నామట.
మేమప్పుడు ఒడ్డున చేపల పేగులు తీస్తున్నాం.
ఎవరూ కత్తి కింద పెట్టలేదు.

ఫాదర్ ఐవిండ్ మాత్రం ఆయనే.
అదే బట్టతల, అదే దగ్గు.
వంటమనిషి గురో మరుసటి వారానికి భార్య అయింది.
పదేళ్ళుగా ఊరందరికీ తెలిసిన సంగతి
దేవుడికి ఇప్పుడే తెలిసినట్టు
ముందు బల్ల మీద బిగుసుకుని కూచుంది.

వెండి పాత్రలు పడవెక్కి డెన్మార్క్ వెళ్ళిపోయాయి.
కొయ్య మరియతల్లిని ఎవరో రాత్రికి రాత్రి
గొర్రెల కొట్టంలో, గడ్డి వెనక నిలబెట్టారు.
ఆ ఏడు ఒక్క పిల్లా చావలేదని
ముసలి టూరిడ్ ఇప్పటికీ చెవిలోనే చెబుతుంది.

లాటిన్‌లో మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.
డేనిష్‌లో సగం అర్థమవుతుంది.
ఆ సగంలోనే విన్నాం:
ఉత్తరించే స్థలం లేదు.
ఎప్పుడూ లేదు.

అమ్మ లేచి నిలబడింది,
పన్నెండో ఏటి కట్ట భుజాన అలాగే ఉంది.
"మరి పదకొండేళ్ళూ ఆయన ఎక్కడున్నట్టు?"
ఐవిండ్ కొత్త పుస్తకం తిరగేశాడు.
"కృప, ఓస్లౌగ్. కృప చాలు" అన్నాడు,
ఆ మాట ఇంకా నోటికి అలవాటు కానివాడిలా.
"చాలితే మరి నా నూట ముప్ఫై రెండు చేపలు?"

గురో తల దించుకుంది.
ఏ చలికాలం ఏ కుండలో అవి ఉడికాయో
ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చి అమ్మ కట్ట విప్పింది.
ఒక చేపను రాతి మీద పెట్టి సుత్తితో కొట్టింది,
మామూలుగా కొట్టేదానికంటే ఎక్కువసేపు.
నాలుగు రోజులు నానబెట్టి వండింది.

నాన్న పోయాక పుట్టిన తోల్లెఫ్
మళ్ళీ పెట్టమని గిన్నె చాపాడు.
నాకు మొదటి ముద్ద దిగలేదు.
రెండోది దిగింది.

దూలం మీది గీతల్ని అమ్మ చెరపలేదు,
కొత్తది గీయలేదు.
తను తినబోయే ముందు మాత్రం
ఆమె చేయి నుదుటి దాకా లేచింది,
అక్కడ కాసేపు దిక్కుతోచక ఆగి
తలగుడ్డ ముడి సర్దుకుని
దిగిపోయింది.