గడ్డకు రెస్టు

నక్కలగుట్ట రంగుచేపల దుకాణంల
ఖలీల్ భాయ్ తడి పేపర్ల చుట్టి ఇచ్చిండు.
నా పిడికిలంత గడ్డ, బొచ్చు బొచ్చు వేర్లు,
నెత్తి మీద గోరంత పచ్చ మొన.
"సగమే పాతు, సగం బయట ఉండనియ్యి.
మొత్తం పూడిస్తె మురుగుతది" అన్నడు.
రెండు వందల యాభై జేబుల ఏసుకొని
ఇంకో మాట చెప్పుడు మరిచిపోయిండు.

తెచ్చి పొయ్యిగద్దె మీద పెట్టి
తానం చేసి వచ్చేటాలకు
అత్త కొమురమ్మ కత్తిపీట ముందటేసుకున్నది.
"గిదేం ఉల్లిగడ్డనే, పొర ఊడి వస్తలేదు!"
ఒక గాటు పడ్డది.
ఇప్పటికీ ఉన్నది ఆ గాటు.

కాజీపేట రైల్వే క్వార్టరు, ముందటి అర్ర,
నాలుగడుగుల అద్దాల తొట్టి.
నల్లా నీళ్లు బకెట్ల ఓ రోజు నిలవెట్టి
మందు వాసన పోయినంక పోసిన.
మే నెల ఎండకు
ఐసు గట్టిన సీసాలు నీళ్లల్ల తేలేసిన.
స్వరూప నవ్వింది, "నాకు కూలరు రిపేరు లేదు గని."

నేను గూడ్సు బండి నడుపుత.
బల్లార్షా పోయి వచ్చేటాలకు
నాకు గడ్డం పెరుగుతది, గడ్డకు ఆకు పెరుగుతది.
పోయేటప్పుడు వేలెడు,
మర్లి వచ్చి చూస్తె జానెడు,
ఇంకో రెండు డ్యూటీలకు
నీళ్ల మీదికొచ్చి అడ్డం తిరిగింది.
అంచులన్నీ కుచ్చులు కుచ్చులు,
వెనక ఈదే చేప ముందట్కి అవుపడేంత పలుచన.

ఓ నాడు పొద్దుగూకంగ స్వరూప ఫోన్ చేసింది:
నీళ్లు చీల్చుకొని కాడ లేచిందట,
కొసకు రెండు పాయలైందట, పసుపు పూతట.
నేను రాఘవాపురం ఔటరు కాడ
వెనక యాభై ఎనిమిది బొగ్గు డబ్బాలతోని
రెండు గంటల సంది ఎర్రలైటునే చూస్తున్న.
"పూలు ఎట్లున్నయి?"
"నూకల లెక్క."
గంతే. సిగ్నలు పడ్డది.

బతుకమ్మ పోయిన వారానికి
ఆకు పండుబారింది. తెల్లారి ఇంకోటి.
పట్టుకుంటె జిగురు జిగురుగ చేతికే వచ్చింది.
ఎరువు గోళీ పాతిన.
లైటు రెండు గంటలు ఎక్కువ పెట్టిన.
నీళ్లు మార్చిన, మళ్ల మార్చిన.
కన్నంటుకోంగనే నాకు కంట్రోల్ నుంచి ఫోనొచ్చినట్టు
రోజూ దాన్ని లేపబట్టిన.
ఆఖరుకు ఒక్క ఆకు లేదు.
ఇసుకల బోడి గడ్డ, మీద కత్తిగాటు.

మోరీల పారేద్దామని తీసిన.
"ఇటు తే" అన్నది కొమురమ్మ.
మెట్‌పల్లి దిక్కు ముప్పై ఏండ్లు పసుపు తవ్విన చెయ్యి.
గోరంచులు ఇంకా పచ్చగనే ఉంటయి.
బొటనవేలు పెట్టి ఒత్తింది, కండ్లు మూసుకొని,
పసిపిల్లకు జరం చూసినట్టు.
"మెత్తగుంటె సచ్చినట్టు. గిది గట్టిగున్నది.
పండుకున్నది బిడ్డా.
ఆకు ఎండినంకనే గడ్డల బలం కూడుతది,
నడుమ తవ్వితె పిప్పే."

ఖలీల్ భాయ్‌ని అడిగితె తల గోక్కున్నడు.
"అరే, చెప్పలేదా? దో మహీనే సోతా హై. సోనే దో."

మళ్ల సగం పాతిన, సగం బయట.
ఎరువు బందు, ఎక్కువ లైటు బందు.
వచ్చినోళ్లు తొట్టిల రాయెందుకని అడుగుతరు.
గప్పీ పిల్లలు దాని సందులల్ల దాక్కుంటయి.
నైటు డ్యూటీ దిగి నేను పగటీలి పండుకుంటె
కొమురమ్మ ముందటి అర్రల టీవీ మ్యూటు పెట్టి
"మెల్లగ మాట్లాడుండ్రి" అంటదట.
నా గురించో, గడ్డ గురించో
స్వరూపకు కూడ తెల్వదు.

నిన్న రాత్రి మూడింటికి వచ్చిన.
బూట్లు ఇడువకుండనే
అంగి చెయ్యి మడిచి నీళ్లల్ల పెట్టిన.
చలికి నీళ్లు చురుక్కుమన్నయి.
బొటనవేలుకు గాటు తగిలింది.
ఒత్తి చూసిన.
గట్టిగనే ఉన్నది.

చెయ్యి తుడుసుకోకుండనే పండుకున్న.