మూడో ప్లేటు

దేవరకొండ డిపోల ముప్పయ్యొక్కేండ్లు
టికెట్లు కొట్టిన చెయ్యి ఇది.
లక్క ప్లేటు మీద వేలు ఆనిస్తే చాలు,
ఏ ఇంట్ల ఎన్ని లగ్గాలకు తిరిగిందో
ఏ పొయ్యి పక్కన ఏండ్లకొద్ది పన్నదో చెప్తది.

రెండో ప్లేటు నాకు బస్సులనే దొరికింది.
మల్లేపల్లి స్టేజీ కాడ ఎక్కిన ముసలమ్మ
చింతపండు గంప మీద మూత పెట్టుకొచ్చింది,
నడిమి బొక్కల గుడ్డపీలిక కుక్కి.
ఆమె దిగేదాక నాకు చిల్లర లెక్క తప్పింది.
లగేజీ టికెట్టు వద్దన్న,
కొత్త స్టీలు పళ్లెం కొనిస్తనన్న.
"గిదేం బంగారమా బిడ్డా" అని నవ్వింది.
నేను నవ్వలే.
నవ్వితే ధర పెరుగుతదని
ఈ రోగమున్నోళ్లకు తెలుసు.

ఒకటోది గౌస్ పాషా పాత ఇనుము దుకాన్ల,
తూకానికి.
నాలుగోదానికి పీఎఫ్ లోను పెట్టిన.
బాత్రూం రేకులకని అండాలుకు చెప్పిన.
రేకులు ఇప్పటికీ రాలే.
వాన పడ్డప్పుడు ఆమె గొడుగు పట్టుకొని తానం చేస్తది,
నన్నేమనదు.
అదే కష్టం.

నాటకం మొత్తం నాలుగు ప్లేట్లు.
రెండోదాని ఆఖర్ల రాణి అర్ధరాత్రి తలుపు కొడ్తది.
నాలుగోదాని మొదట్ల రాణి ఏడుస్తుంటది.
తలుపెవరు తీసిన్రో
మిర్యాలగూడల ఉంది,
రైసుమిల్లు గుమస్తా పరంధాములు బీరువాల,
పాత ధోతి చుట్టుకొని, కలరా ఉండల నడుమ.

నేనడిగిన. ఆయనియ్యలే.
ఆయన నా మూడింటిని అడిగిండు. నేనియ్యలే.
పదకొండేండ్లు గట్లనే గడిచినయి,
ఒకరి బీపీ గోళీల పేర్లు ఒకరికి నోటికొచ్చినయి.

ఆదివారం పొద్దుగూకినంక ఫోను.
నేను ఒకటి, రెండు పెడ్త.
అటు ఆయన ఊపిరి బిగబడ్తడు.
"ఇగ నీ వంతు" అంట.
ఫోనుల రాణి గొంతు కందిరీగ లెక్క సన్నగొస్తది.
సరిగ్గ తలుపు కిర్రుమనంగనే
పరంధాములుకు దగ్గొస్తది.
ప్రతి ఆదివారం. అక్కడనే.
బీడీలు మానుమన్న.
"మిల్లు ఊక దుమ్ము, గొంతుల కూసున్నది" అనెటోడు.
నాకు లోపల కసి:
కావాలని దగ్గుతుండు ముసలి పిసినారి,
తలుపు తీసినోళ్ల పేరు గూడ
తానొక్కడే దాసుకుంటుండు.

మొన్న మాఘంల కబురొచ్చింది. పోయిన.
అరుగు మీద పండబెట్టిన్రు, తలకాడ దీపం.
ఒట్టేసి చెప్తున్న, నేను ముందు ముఖం చూడలే.
బీరువా తాళంచెయ్యి
ఎవరి నడుముకున్నదో చూసిన.
ఆ తర్వాతనే ఏడ్చిన.
ఏడుపు నిజమే.
వరుసే తప్పు.

పెద్దకర్మ నాడు కోడలే తెచ్చి చేతులపెట్టింది.
"మీరొస్తే ఇయ్యమన్నడు మామ.
పైసలు తీస్కోవద్దన్నడు."
నెల దాక ముట్టలే.

నిన్న రాత్రి కొత్త ముల్లేసి తిప్పిన.
రాణి గొంతు ఇల్లంత నిండింది,
గంత పెద్ద గొంతని పదకొండేండ్లు తెల్వలే.
తలుపు కొట్టింది. తలుపు కిర్రుమన్నది.
టక్కున ముల్లెగిరి అవతల పడ్డది.
రాణి ఏడుస్తున్నది.

బల్బు కింద పెట్టి చూసిన.
వేలిగోరంత పెచ్చు.
నల్ల మైనంతోని పూడ్చి
మైనం మీద సూదిమొనతోని గీతలు గీసిండు,
పక్క గీతలకు కలిపి, ఒక్కొక్కటే.
ఎన్ని రాత్రులు కూసున్నడో.
తలుపెవరు తీసిన్రో ఆయనకు గూడ తెల్వదు.

ఇయ్యాల హాలియా నుంచి ఒక పోరడు ఫోన్ చేసిండు.
ఇంకా పాతికేండ్లు లేవు, గొంతుల అదే ఆకలి.
"సెట్టు మొత్తం మీ కాడనే ఉందట గదా సార్,
జర ఒక్కసారి వినిపియ్యిన్రి."
ఒకటి పెట్టిన. రెండు. మూడు.
అటు పోరడు ఊపిరి బిగబట్టిండు.
తలుపు కిర్రుమన్నది.

వంటింట్లకెల్లి అండాలు అడుగుతున్నది,
"గిప్పటిదాక బాగనే ఉంటివి గదా,
ఏం దగ్గు అది?"