పాల వ్యాను

పదకొండేండ్లు పాల పాకెట్లు మోసిన ఓమ్ని.
సీట్లు పీకి పరుపేసినా
ఇంకా విరిగిన పాల వాసనే.
వెనక రెండు సైకిళ్లు,
పాత ట్యూబుతోని కట్టినవి.
"గీ రోహిణి కార్తెల ఎవలన్న తిరగవోతరా?"
హన్మకొండల మా వాడకట్టంత నవ్వింది.
రాజేశం మాత్రం స్టవ్వు, బిందె, నిమ్మకాయ తొక్కు
లెక్కపెడుతున్నడు.

పస్రా దాటితే అడవి.
తెల్లారగట్ల నాలుగింటికి వ్యానుకు తాళమేసి
సైకిళ్లు దించినం.
పెడలు తొక్కక ఇరవై ఆరేండ్లు.
కాళ్లకు యాదుంది,
చీరకే తెల్వదు, చైనుల పడ్డది.
ఆయన ముందు. ఎప్పుడూ ముందే.
పెండ్లినాడు సుత అంతే,
కొంగుముడి గుంజుకుంట నడిచిండు.

తాడ్వాయి దగ్గర దిగుడు వచ్చింది.
బ్రేకు ముట్టలేదు నేను.
ఆయన పక్కనుంచి,
నోరు తెరిచిన ఆయన మొఖం పక్కనుంచి
గాలి లెక్క పోయిన.

రాత్రి తునికాకు కల్లం అంచున వ్యాను ఆపినం.
ఎండిన ఆకుకట్టలు వరుసలు వరుసలు.
కావలాయన ఇంత అంబలి పోసి
"ఏడిదాక?" అన్నడు.
"ఏటూరునాగారం" అన్నడు రాజేశం.
"గోదారి దాక" అన్న నేను.
ఇద్దరం ఒక్కసారే అన్నం,
అంబలి గిన్నె చేతుల పట్టుకొని
కావలాయన మమ్ములను మార్చి మార్చి చూసిండు.

తలుపులు తీసిపెట్టి పండుకున్నం.
నా మోకాలికి జిందాతిలిస్మాత్ రాస్తుంటే
ఆయన గోళ్లల్ల చైను గ్రీజు
నా కాలిమీద నల్లగ దిగింది.
తుడవబోయిండు.
ఉండనీ అన్న.
దోమలబత్తి ఆరిందాక,
గోదారి దాక ఇంకెన్నిచోట్ల దిగుడున్నదో
అడుగుతనే ఉన్న.