నీళ్లు పడని బోరు

యాప్రాల్‌లో మా ఇంటి వెనక
ఆరు వందల ఇరవై అడుగుల లోతున
ఒక అబద్ధం ఉంది.
పదకొండేళ్ల కిందట
అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని నడిచినాయన
ఇక్కడే గంగ ఉందమ్మా అన్న చోటు.
రాత్రంతా లారీ ఊగింది.
తెల్లారేసరికి బూడిదరంగు పిండి
ఆరేసిన చీరల మీద, అన్నం గిన్నె మూత మీద,
నిద్రపోని మా కనురెప్పల మీద.
నీటి చుక్క లేదు.
బోరు నోటికి మూత బిగించి
దాని మీద కరివేపాకు కుండీ పెట్టాను.
అప్పు తీరేదాకా అటు చూడలేదు.

ఈ ఏప్రిల్లో పాత ఏసీ చచ్చిపోయింది.
షోరూము కుర్రాడు
మూడు చుక్కలది ఇంత, ఐదు చుక్కలది ఇంత అని
పట్టపగలే చుక్కలు చూపించాడు.
వద్దులే అని తిరిగొచ్చాం.

మర్నాడు నిఖత్ వచ్చింది, ఎవరో చెబితే.
హెల్మెట్టు స్కూటీకి తగిలించి
కుండీ జరిపింది. జరగలేదు.
ఇద్దరం పట్టి లాగితే
అడుగు చీల్చుకుని వచ్చిన వేళ్లు
మూత అంచు చుట్టూ తిరిగి ఉన్నాయి,
చీకట్లో స్విచ్చు వెతికే చేతిలా.
చెట్టుకి ముందే తెలుసాంటీ, అంది నిఖత్.

తీగకి థర్మామీటరు కట్టి
చేద వేసినట్టు వదిలింది.
చాలాసేపు వదిలింది.
పైన నలభై రెండు.
కింద ఇరవై ఎనిమిది.
రోళ్లు పగిలే ఎండ అంటాం గదా,
ఆ రోళ్లని కన్న రాయి
కింద ఎండ మాటే వినకుండా కూర్చుంది.

నల్ల పైపు ఒకటి దిగుతుందట,
అడుగున మలుపు తిరిగి పైకొస్తుందట.
మనం పోసిన నీళ్లే
గదిలో వేడి ఎత్తుకెళ్లి రాయికి అప్పజెప్పి
ఖాళీ చేతుల్తో తిరిగొస్తాయట.
ఎండిన బోరులో చివరికి నీళ్లు!
నవ్వొచ్చింది, కొంచెం ఏడుపూ.

మా ఆయన దామోదర్
కాగితం మధ్యలో నిలువు గీత గీశాడు.
ఇటు లక్షా పది వేలు,
అటు నాలుగు లక్షల డెబ్బై వేలు.
గిట్టుబాటు కావడానికి పన్నెండేళ్లు,
అప్పటికి నాకు డెబ్బై ఒకటి, అన్నాడు.
కాగితం మడిచి కళ్లజోడు కింద పెట్టాడు.

నిఖత్ ఏదీ దాచలేదు.
ఒక్క బోరుకి రెండు గదులే,
హాలుకి ఫ్యానే గతి.
మన ఊళ్లో చలి లేదు కాబట్టి
రాయికి ఇవ్వడమే గానీ తీసుకోవడం తక్కువ,
ఏటేటా అదీ కాస్త వెచ్చబడుతుంది.
చలికాలం స్నానానికి ఆ వేడే తోడుకోండి,
ఎంతో కొంత బాకీ తీరుతుంది.
బాకీ అన్న మాట నాకు గుచ్చుకుంది.

ఎందుకంటే సందులో ఎల్లవ్వ ఇస్త్రీ బండి ఉంది.
మా ఏసీ డబ్బా సరిగ్గా దాని నెత్తిన.
పదకొండు ఎండాకాలాలు
మా పడకగది వేడినంతా
ఆమె మెడ మీద పోశాం.
ముందు బొగ్గుల పెట్టె, వెనక మేము.
ఒక్కనాడూ ఏమీ అనలేదు,
అట్టముక్క ఒకటి అడ్డం కట్టుకుంది.
మా దుప్పట్లు మడత పెట్టి
లెక్క తప్పకుండా పంపింది.

ఏసీ ఆగిన మూడో రోజు
బట్టల మూట అందిస్తూ అడిగింది:
మీ మిషను బందయిందా అమ్మా?
గాలి మారింది.

ఆ రాత్రి కళ్లజోడు కింది కాగితం తీసి
నిలువు గీతకి కుడిపక్కన
ఆమె పేరు రాశాను.
ఎదురుగా ఎంత వెయ్యాలో తెలియలేదు.
దామోదర్ పొద్దున్నే చూశాడు,
చాలాసేపు చూశాడు,
పెన్ను మూత తీసి చెక్కు మీద సంతకం చేసి
హాలుకి మాత్రం కొత్త ఫ్యాను కావాలన్నాడు.

శుక్రవారం పైపు వస్తుంది.
డబ్బా దించేశారు, గోడకి నాలుగు బెజ్జాలు మిగిలాయి.
ఎల్లవ్వ అట్టముక్క విప్పింది గానీ
పారెయ్యలేదు,
బండి కింద చక్రానికి ఆనించి పెట్టుకుంది.
ఆమె కూడా
వచ్చే ఎండాకాలం దాకా చూస్తుంది.